కంపెనీ సెట్టా, బయటి సెట్టా? కారు ఆవాజ్ మీద నా మష్వరా



లగ్జరీ కారు కొన్నాక దాంట్లో కంపెనీ ఇచ్చిన సౌండ్ సిస్టమ్‌నే ఉంచుకోవాలా, పీకేసి బయట దుకాణంలో కొత్తది వేయించాలా? మా ఖాందాన్‌లో ఎవరు బండి తీసుకున్నా ఈ సవాల్ నా దగ్గరికే వస్తుంది. రేడియోలు, టేప్ రికార్డర్లు విప్పి బిగించే షౌక్ నాకు చిన్నప్పటి నుంచీ ఉందని అందరికీ తెలుసు మరి. నా జవాబు ముందే చెప్పేస్తాను. లగ్జరీ కారులో కంపెనీ సెట్టు పీకకండి. మెరుగు చేయాలనిపిస్తే దాన్ని అక్కడే ఉంచి, దాని వెనకాల మెరుగు చేయండి. అది కూడా ముందు చెవులతో విని, తర్వాత హిసాబ్ చూసుకుని. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను.

"లగ్జరీ కార్ల ముచ్చట మనకెందుకు భాయ్" అని నవ్వకండి. మా బొల్లారం బజార్‌లోనో, రిసాలా బజార్‌లోనో జుమ్మా నమాజ్ అయ్యాక కాసేపు నిలబడి చూడండి. ఏడేళ్లవో పదేళ్లవో జర్మన్ బండ్లు రెండు మూడన్నా కనిపిస్తాయి. షోరూం నుంచి తెచ్చినవి కావు, సెకండ్ హ్యాండువి. కొత్త మామూలు బండి ధరకే పాత ఆడీనో, బీఎండబ్ల్యూనో, బెంజో వస్తుంటే కుర్రాళ్ల దిల్ ఆగదు. ఆ రఖమ్ ఎక్కడిది? చాలా ఇళ్లల్లో అది జిద్దాలోనో, దమ్మామ్‌లోనో, దుబాయ్‌లోనో అబ్బాజాన్ పదేళ్లు ఎండలో చేసిన మెహనత్. బండి ఇంటికొచ్చిన పదిహేను రోజులకే కొడుకు "సౌండ్ బేకార్ ఉంది, ఇంకో లక్షన్నర ఇవ్వండి" అంటాడు. అబ్బాకు వాట్లు తెలియవు, ఊఫర్లు తెలియవు. కాదంటే కొడుకు మొహం మాడ్చుకుంటాడు, సరే అంటే జేబు ఖాళీ. ఈ రాత అలాంటి అబ్బాల కోసం, అమ్మీల కోసం. కుర్రాళ్లు చదివితే ఇంకా ఖుషీ.

మొదటి సంగతి. పాత మారుతి 800లో స్టీరియో ఒక డబ్బా. నాలుగు తీగలు విప్పి పాతది తీసి, కొత్తది పెడితే పని ఖతం. లగ్జరీ కారులో అలాంటి డబ్బా లేదు. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ నుంచి ఈ కార్లలో 'మోస్ట్' అనే పద్ధతి మొదలైంది. తెర, ఆంప్లిఫయర్, ఫోన్, నావిగేషన్ అన్నిటినీ సన్నటి ఆప్టికల్ ఫైబర్‌తో ఒక గొలుసులా చుట్టి కలుపుతారు. ఆవాజ్ ఆ ఫైబర్ లోపల వెలుగు రూపంలో పరుగెడుతుంది. తస్బీహ్ దారం ఒక చోట తెగితే గింజలన్నీ రాలినట్టు, ఆ గొలుసులో ఒక్క పరికరం పీకితే మిగతావన్నీ మూగబోతాయి. ఈ మధ్య బండ్లలో పద్ధతులు మారాయి కానీ, అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు.

ముడి అంటే ఎంతవరకు? చాలా బండ్లలో సీటు బెల్టు పెట్టుకోమని వచ్చే టింగ్ టింగ్, రివర్స్‌లో గోడ దగ్గరపడుతుంటే వచ్చే బీప్, ఇవన్నీ పాటలు వచ్చే స్పీకర్ల నుంచే వస్తాయి. కొన్ని కార్లలో కప్పులో చిన్న మైకులు పెడతారు. అవి ఇంజన్ రొద విని, దానికి ఉల్టా ఆవాజ్‌ను స్పీకర్ల నుంచి పంపి ఆ రొదను చంపుతాయి. ఆ స్పీకర్లు మార్చి, డిక్కీలో ఒక కొత్త ఊఫర్ కూర్చోబెడితే ఆ హిసాబ్ అంతా తప్పుతుంది. రొద తగ్గడం పోయి కొత్తగా ఒక గూంజ్ మొదలవుతుంది. కుర్రాడేమో బండిలో ఏదో ఖరాబీ ఉందనుకుని మెకానిక్ చుట్టూ తిరుగుతాడు.

ఇది కితాబుల్లో చదివి చెప్పే మాట కాదు. మా భాంజా ఒక జర్మన్ సెడాన్ తీసుకున్నాడు. ఎవరినీ అడగకుండా ఒక యాక్సెసరీస్ దుకాణంలో తెర పీకించి పెద్ద ఆండ్రాయిడ్ తెర, రెండు ఆంప్లు, డిక్కీలో ఊఫర్ వేయించాడు. కప్లర్లు వాడలేదు, అసలు వైరింగే కోసి నల్ల టేపు చుట్టారు. వారంలో పార్కింగ్ బీప్ పోయింది, స్టీరింగ్ మీద బటన్లు పోయాయి. మూడు రోజులు బండి కదలకపోతే చాలు, బ్యాటరీ డౌన్. మా ఇంటికి తెస్తే విప్పి చూశాను. ఆంప్‌ను నిద్రలేపే తీగను ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపేశారు. బండికి తాళం వేసినా ఆంప్ రాత్రంతా మేలుకునే ఉంటోంది. ఆ ఒక్క తీగ సరిచేస్తే బ్యాటరీ తకలీఫ్ తీరింది. కోసిన వైరింగ్ మాత్రం మళ్లీ అతకలేం కదా. తర్వాత బండి అమ్మకానికి పెడితే చూసినవాళ్లంతా డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఆ టేపు చూసి ధర తగ్గించి అడిగారు. పెట్టిన పైసలు పోయాయి, బండి విలువా పోయింది.

రెండో సంగతి నామ్. జాలీ మీద రాసిన పేరు చూసి మనవాళ్లు ఫిదా అయిపోతారు. కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం. హర్మన్ అని ఒక కంపెనీ ఉంది. జేబీఎల్, హర్మన్ కార్డన్, ఇన్ఫినిటీ, లెక్సస్ కార్లలో వచ్చే మార్క్ లెవిన్సన్, ఇవన్నీ దాని ఇంటి పేర్లే. ఆడీలో వచ్చే బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ కార్ల విభాగాన్ని 2015లో అదే కొన్నది. బీఎండబ్ల్యూ, వోల్వోల్లో కనిపించే బవర్స్ అండ్ విల్కిన్స్ కూడా 2025లో దాని చేతికే వచ్చింది. ఈ హర్మన్ మొత్తాన్ని 2017లో దాదాపు 800 కోట్ల డాలర్లకు సామ్‌సంగ్ కొనేసింది. అంటే మీ ఇంట్లో ఫ్రిజ్ చేసిన ఖాందాన్‌దే ఆ బీఎండబ్ల్యూలో ఆవాజ్ కూడా! బెంజ్‌లో వచ్చే బర్మెస్టర్ వేరే. అది బెర్లిన్‌లో 1977లో మొదలైన కంపెనీ. పేర్లు తక్కువవని నేను అనడం లేదు. ఇదే హర్మన్ కార్డన్ ఇప్పుడు మహీంద్రా కరెంటు బండ్లలో 16 స్పీకర్లతో వస్తోంది, ఎక్స్‌యూవీ700లో సోనీ 12 స్పీకర్లతో వచ్చేది. పేరు కోసం అయితే లగ్జరీ కారే అక్కర్లేదన్నమాట. మీ బండిలో ఆల్రెడీ మంచి పేరున్న సెట్టు ఉంటే, అదే కంపెనీ డబ్బా బయట ఇంకోసారి కొనడం ఏం అఖల్?

మూడోది వాట్ల ధోకా. దుకాణంలో అట్ట మీద పెద్ద అక్షరాలతో '2000 వాట్స్' అని ఉంటుంది. అది ఒక్క క్షణం చూపించే జోరు. అసలు చూడాల్సింది ఆర్ఎంఎస్ అనే అంకె, అంటే నిలకడగా ఇవ్వగలిగే బలం. బయటి ఆంప్లను కొలవడానికి సీఈఏ-2006 అనే ప్రమాణం ఉంది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల మీద, వక్రత ఒక్క శాతం మించకుండా ఎన్ని వాట్లు ఇస్తుందో అది చెప్తుంది. ఆ ముద్ర ఉందా అని అడగండి. దుకాణందారు మొహమే సగం జవాబు చెప్తుంది.

ఇంకో మాట. వాట్లు రెండింతలు చేస్తే ఆవాజ్ రెండింతలు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి 'కొంచెం పెరిగిందేమో' అనిపించేంత. నిజంగా రెండింతలు వినిపించాలంటే దాదాపు పది రెట్లు బలం కావాలి. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? 1000 వాట్ల ఆంప్ పూర్తి జోరులో ఉంటే, అది ఎంత మంచిదైనా, దాదాపు 90 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది ఏడెనిమిది ఆంపియర్లు. ఏసీకే మందం తీగ వేస్తాం కదా! అలాంటిది డిక్కీ దాకా సన్నటి తీగ లాగి, అది కూడా రాగి పూత పూసిన అల్యూమినియం తీగ లాగి, ఫ్యూజ్ లేకుండా వదిలేస్తే ఏమవుతుందో సోంచాయించండి. కార్పెట్ కింద తీగ వేడెక్కుతుంటే, వెనక సీట్లో పిల్లలు కూర్చుని ఉంటారు. బయటి సెట్టు వేయించేవాళ్లు ఒక్క షర్తు మాత్రం వదలొద్దు. అచ్చమైన రాగి తీగ ఉండాలి, బ్యాటరీకి జానెడు రెండు జానల లోపే ఫ్యూజ్ ఉండాలి. అది లేని పనికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

మరి కంపెనీ సెట్టులో గొప్పతనం ఏంది? దాన్ని ఆ బండి కోసమే సరిచేస్తారు. ఈ ఆలోచనను మొదట పెద్ద ఎత్తున తెచ్చింది అమర్ బోస్. కలకత్తా నుంచి అమెరికా వెళ్లిన బెంగాలీ తండ్రి కొడుకు. ఇంట్లో స్పీకర్ ఎక్కడ పెడతారో, మనిషి ఎక్కడ కూర్చుంటాడో తెలియదు. కారులో అయితే సీటు ఎక్కడో, అద్దం ఎక్కడో ముందే తెలుసు. ఆ కొలతలకే ఆవాజ్‌ను దిద్దవచ్చు కదా అనుకున్నాడు. 1983 మోడల్ కాడిలాక్‌లో బోస్ సెట్టు ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. కుడి తలుపు స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. ఆవాజ్ 34 సెంటీమీటర్లు నడవడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. దగ్గరి స్పీకర్‌ను ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆపి వదిలితే, గాయకుడు డ్యాష్‌బోర్డు మధ్యలో కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది. మంచి కంపెనీ సెట్టులో ఈ పని ముందే చేసి ఉంటుంది. పీకేస్తే పోయేది మొదట అదే.

ఇంత చెప్పి, బయటి సెట్టు వేసే కారీగర్లకు నాఇన్సాఫీ చేయను. బొల్లారం నుంచి అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి, కార్ఖానా, జేబీఎస్ మీదుగా రాణిగంజ్ దాకా ఒక్కటే దారి. ఆ రాణిగంజ్ ఆటోమొబైల్ మార్కెట్ చుట్టుపక్కల ఇంజనీర్లకు తీసిపోని ఉస్తాద్‌లు ఉన్నారు. తలుపు అట్ట తీసి ఒక్క క్లిప్పు విరగకుండా మళ్లీ బిగించే హునర్ వాళ్లది. వాళ్ల దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. లగ్జరీ కారు అన్నంత మాత్రాన ప్రతి దాంట్లో బర్మెస్టర్ ఉండదు. మన దేశంలో పేరున్న సెట్టు మామూలుగా పై వేరియంట్‌కే వస్తుంది. కింది వేరియంట్‌లో పేరు లేని స్పీకర్లు, చిన్న ఆంప్ పెట్టి వదిలేస్తారు. బెంజ్ ఎస్ క్లాస్‌లో 31 స్పీకర్ల సెట్టు, బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో 36 స్పీకర్ల సెట్టు చూసి, అదే కంపెనీ చిన్న బండిలో కూడా అలాగే ఉంటుందనుకుంటే ధోకా. పాత బండిలో స్పీకర్ అట్టలు ఎండకు చిరిగిపోయి గరగర వస్తుంటాయి. అలాంటప్పుడు మార్చడం జరూరతే, దిఖావా కాదు.

అయితే ఎలా మార్చాలి? నా తర్తీబ్ ఇది. తెరను ముట్టుకోవద్దు. మొదట ఆ బండి మోడల్‌కే తయారైన స్పీకర్లు, కప్లర్‌తో సహా దొరుకుతాయా అడగండి. ఒక్క తీగ కూడా కోయకుండా బిగాలి, రేపు బండి అమ్మేటప్పుడు విప్పి పాతవి పెట్టుకోగలగాలి. ఓమ్‌లు చూడండి. కంపెనీ స్పీకర్లు చాలాసార్లు 2 ఓమ్‌లవి ఉంటాయి, బయటివి 4 ఓమ్‌లవి. తెలియకుండా మారిస్తే ఖరీదైన కొత్త స్పీకర్ పాతదానికంటే మెల్లగా మోగుతుంది. తర్వాత తలుపుల లోపల డ్యాంపింగ్ షీట్లు వేయించండి. చవకైన పని, కానీ తలుపు రేకు వణకడం తగ్గి ఆవాజ్ గట్టిపడుతుంది, రోడ్డు రొద కూడా తగ్గుతుంది. ఇంకా చాలదనిపిస్తేనే, కంపెనీ ఆంప్ నుంచి వచ్చే ఆవాజ్‌ను తీసుకుని దిద్దే డీఎస్పీ ఆంప్. దాన్ని మైకు పెట్టి సరిచేయగలిగిన ఉస్తాద్ అయితేనే. పెట్టి వెళ్లిపోయేవాడైతే వద్దు. ఈ మూడు మెట్లలో మొదటి రెండింటి దగ్గరే చాలామంది దిల్ నిండిపోతుంది.

ఇప్పుడు అసలు మాట. మన బండ్లలో మనం వినేది ఏంది? అబ్బా ఘంటసాల, రఫీ వింటారు. అమ్మీ తెల్లవారి సఫర్ అయితే ఖారీ అబ్దుల్ బాసిత్ తిలావత్ పెట్టమంటుంది. మామూ మెహదీ హసన్ గజల్ అంటాడు. పెళ్లికి వెళ్తుంటే మన హైదరాబాద్ వార్సీ బ్రదర్స్ ఖవ్వాలీ. వీటన్నిటిలో ప్రాణం మనిషి గొంతు. డిక్కీలో కూర్చునే ఊఫర్ పనిచేసేది దాదాపు 80 హెర్ట్జ్ కంటే కింద. మగవాళ్ల గొంతు దానికి పైనే మొదలవుతుంది. మాట స్పష్టంగా తెలియడం, ఖాఫ్‌కూ కాఫ్‌కూ ఫరఖ్ వినిపించడం వేల హెర్ట్జ్‌ల దగ్గర జరుగుతుంది. తబలా డగ్గా లోతుకు ఊఫర్ కొంచెం అక్కరకొస్తుంది, కాదనను. కానీ గజల్ వినేవాడు లక్ష పెట్టి ఊఫర్ కొనడమంటే, బిర్యానీ కోసమని దేగ్చా కొనకుండా పొయ్యి మాత్రమే పెద్దది కొన్నట్టు. ఆ గుమ్ గుమ్ కింద గొంతే మునిగిపోతుంది.

అందుకే బండి కొనే ముందే ఒక ఇమ్తిహాన్ పెట్టండి. మీకు బాగా తెలిసిన గొంతు ఒకటి ఫోన్‌లో దించుకుని పోండి, డీలర్ పెట్టే పాట వద్దు. బ్లూటూత్ కాకుండా కేబుల్‌తో కలపండి. మొదట బండి ఆపి వినండి. తర్వాత రోడ్డు మీద వినండి. మా వైపు అయితే బొల్లారం నుంచి హకీంపేట దాటి శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి దానికి సరిపోతుంది. ఆగి ఉన్న బండిలో బాగున్న ఆవాజ్ ఎనభై స్పీడులో టైర్ల రొద కింద ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది. ఆవాజ్ సగంలో పెట్టి వినండి. ముందు సీట్లోనే కాదు, వెనక దాదీమా కూర్చునే చోట కూర్చుని వినండి. బేస్, ట్రెబుల్ రెండూ నడిమిలో పెట్టండి. అప్పుడు కూడా మాట మాట తెలుస్తుంటే ఆ సెట్టు చాలు. ఇంకేం ఖర్చు వద్దు. సగం ఫిర్యాదులు ముందున్న యజమాని పెట్టి వదిలేసిన సెట్టింగులు మారిస్తేనే పోతాయి.

ఇరుగుపొరుగు సంగతి కూడా ఉంది. బొల్లారం మొదటి నుంచీ ఫౌజీల బస్తీ. రిసాలా అంటేనే గుర్రపు దళం. 1860లో కట్టిన రెసిడెంట్ బంగ్లా ఇప్పటి రాష్ట్రపతి నిలయం, తొంభై ఎకరాల చెట్ల నీడలో ఖామోష్‌గా ఉంటుంది. ఆ పక్క వీధుల్లో రాత్రి పదకొండుకు డిక్కీ తెరిచి ఊఫర్ మోగించే కుర్రాణ్ణి చూస్తే, బండి ఖరీదు కాదు, తర్బియత్ గుర్తొస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 దాటకూడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు అన్ని మతాల జులూసుల్లోనూ డీజేలను బంద్ చేశారు. దానికి మన పెద్దలు చాలామంది సంతోషించారు. ఆ డీజేను మన బండి డిక్కీలోకి తెచ్చుకోవడం ఎందుకు? బయటివాళ్ల సంగతి అటుంచండి, లోపలున్న చెవుల మాటేంటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే నాలుగు గంటలే. చెవి ఒకసారి పోతే ఏ రాణిగంజ్ ఉస్తాద్ మార్చలేడు.

కాగితాల పని మరవకండి. వారంటీ ఉన్న బండిలో వైరింగ్ కోస్తే కరెంటుకు సంబంధించిన ఏ తకలీఫ్ వచ్చినా కంపెనీ చేతులెత్తేయడానికి బహానా దొరుకుతుంది. బయటి సెట్టు వేయిస్తే బీమా కంపెనీకి చెప్పి పాలసీలో రాయించాలి. ఐఎంటీ-24 అనే క్లాజు ఇందుకే ఉంది. దాని టారిఫ్ రేటు సామాను విలువలో 4 శాతం, అంటే లక్షకు ఏడాదికి నాలుగు వేలు. రాయించకపోతే దొంగ ఎత్తుకెళ్లిన సెట్టుకు ఒక్క పైసా రాదు. దుకాణంలో పక్కా బిల్లు తీసుకోండి, పీకిన పాత స్పీకర్లను ఇంటికి తెచ్చి భద్రంగా పెట్టండి.

అబ్బాలకు చివరి మాట. కొడుకు అడిగిన వెంటనే కాదనకండి, వెంటనే జేబులో చెయ్యీ పెట్టకండి. "పద బేటా, ఇద్దరం కలిసి బండిలో విందాం" అనండి. మీ పాట ఒకటి, వాడి పాట ఒకటి. ఏది సరిగ్గా వినిపించడం లేదో వాడినే చెప్పమనండి. ట్వీటరా, తలుపు వణుకా, సెట్టింగా? జవాబు చెప్పగలిగితే అంతవరకే ఖర్చు పెట్టండి. చెప్పలేక, "ఫ్రెండ్ బండిలో ఉంది కాబట్టి" అంటే, ఆ లక్షన్నర బండి సర్వీసుకు, నాలుగు కొత్త టైర్లకు దాచిపెట్టండి. పాత లగ్జరీ కారుకు ఆ జరూరత్ తప్పకుండా వస్తుంది.

ఖుదా హాఫిజ్.